వానలకు ముందు: గాలి పైపు మూతి కిందికి దించొద్దు

2021 అక్టోబరులో తిరుపతి వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి కింద నిలిచిన వాననీళ్లలో బండి చిక్కుకుని ఒక ప్రాణం పోయింది. అది గాలి పైపు, అంటే ఇంజన్‌కు గాలి అందించే గొట్టం, వల్ల జరిగింది కాదు. కానీ మన ఊళ్లో అరగంట వానకే ఎక్కడ ఎంత నీళ్లు నిలుస్తాయో గుర్తుచేస్తుంది. ఈశాన్య రుతుపవనాలు రాబోతున్నాయి. పాత మారుతి 800కో, జెన్‌కో ఇంట్లోనే గాలి పైపు మార్చుకున్నవాళ్లు ముందు ఇది చదవండి.

బానెట్ లోపలి గాలి వేడి. పది డిగ్రీలు వేడెక్కితే గాలి సాంద్రత దాదాపు 3 శాతం తగ్గుతుంది, ఆ మేరకు పికప్పూ తగ్గుతుంది. అందుకని చల్లగాలి కోసం పైపును బంపర్ వెనక్కి, నేలకు జానెడు ఎత్తుకు దించుతారు. ఆలోచన సరైనదే, చోటే తప్పు. ఎదురొచ్చే బస్సు లేపిన అల చాలు, పైపు నీళ్లు పీల్చడానికి.

ఇంజన్ పాడవడానికి ఎన్ని నీళ్లు కావాలి? మారుతి 800లోని 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 265 సీసీ. కంప్రెషన్ (గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క) 9:1 అనుకుంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు 33 సీసీ. టీ గ్లాసులో సగం కూడా కాదు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కాబట్టి మూతి కిందికి దించొద్దు. కంపెనీ పెట్టిన ఎత్తులోనే, రేడియేటర్ పైపట్టీకి సమానంగా, హెడ్‌లైట్ వెనక ఉంచండి.

అసలు పైపు జోలికి పోకముందు ఇంజన్ ఆపి ఎయిర్ క్లీనర్ మూత తియ్యండి. ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి, ఒకరు టార్చి వేసి బటర్‌ఫ్లై (ఇంజన్‌లోకి గాలిని వదిలే గుండ్రటి రేకు) నిలువుగా తెరుచుకుంటోందా చూడాలి. చాలా బండ్లలో కేబుల్ సాగి ముప్పాతికే తెరుచుకుంటుంది. కార్బురేటర్ బండిలో చోక్ సగం మూసుకునే ఉంటుంది. ఎయిర్ క్లీనర్ డబ్బా మూతిలో ఎండుటాకులు, ఎలుక గూడు ఉంటాయి. ఇవి సరిచేస్తే ఖర్చు లేకుండానే సగం పని అయిపోతుంది.

ఫిల్టర్ తీసేసి నడపొద్దు. చిత్తూరు వైపు క్వారీ టిప్పర్ల వెనక పది కిలోమీటర్లు అలా నడిపితే రాతిపొడి పిస్టన్ రింగుల్ని ఆకురాయిలా అరగదీస్తుంది. పైగా కార్బురేటర్ వెనక్కి దగ్గి (బ్యాక్‌ఫైర్) మంట కక్కితే ఆ మంటను ఆపేది ఎయిర్ క్లీనరే. కొత్త పైపు బిగించి 500 కిలోమీటర్లు తిరిగాక ఫిల్టర్ తర్వాతి పైపు విప్పి, తెల్లగుడ్డ వేలికి చుట్టి లోపల తిప్పండి. గుడ్డకు ఎర్రదుమ్ము అంటితే ఎక్కడో సందు ఉన్నట్టే.

ఇక మిగతావి:

బిగింపుకు తీగ, టేపు వద్దు, క్లాంపులే వాడండి.

ప్లంబింగ్ పీవీసీ పైపు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికొచ్చే వేడి గొట్టం) దగ్గర పెట్టొద్దు, మెత్తబడి కుంగుతుంది.

పైపు లోపలి వైపు ఎమ్‌సీల్ వద్దు, పెళ్ల ఊడితే నేరుగా వాల్వుల్లోకే.

క్రాంక్‌కేసు (ఆయిల్ ఉండే ఇంజన్ కింది భాగం) నుంచి వచ్చే సన్న గొట్టాన్ని మూసెయ్యొద్దు. మూస్తే ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు తన్నేస్తాయి.

విప్పిన చోట గుడ్డ కుక్కితే, బిగించేముందు తీశారా లేదా రెండుసార్లు చూడండి.

మూతి కిందికి దించొద్దు. ఇప్పటికే దించి ఉంటే తొలి తుపానుకు ముందే పైకి ఎత్తండి.

నీళ్లలో బండి ఆగితే ముందు మనుషులు దిగిపోండి.

మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. ఒక్కసారి కూడా. బండి ఆగినప్పుడు వంగని రాడ్లు కూడా ఆ రెండో సెల్ఫుకు వంగొచ్చు.

బయటికి తోయించి బ్యాటరీ నెగటివ్ తీసి, ప్లగ్గులన్నీ విప్పి, క్రాంక్ పుల్లీని స్పానర్‌తో చేత్తో తిప్పండి. నీళ్లు ప్లగ్గు కన్నాల నుంచి చిమ్ముతాయి, మొహం పక్కకు పెట్టండి. డీజిల్ అయితే మెకానిక్‌కే వదిలెయ్యండి.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల టీ రంగులో ఉంటే, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చేదాకా తాళం చెవి జేబులోనే ఉండాలి.