మీ డివిజన్ ఎన్నికల చరిత్ర మీరే తవ్వి తీయడం ఎలా (కల్లూరు ఉదాహరణతో)

కర్నూలు కార్పొరేషన్‌లో మన వీధికి ఇప్పటిదాకా ఎవరెవరు గెలిచారు, ఎంత తేడాతో గెలిచారు, ఎవరి మీద గెలిచారు అని అడిగితే టీకొట్టు దగ్గర నలుగురు నాలుగు రకాలుగా చెప్తారు. కాగితం మీద పెట్టాలంటే మాత్రం ఒక పద్ధతి ఉండాలి. నేను కల్లూరు వైపు డివిజన్లను ఉదాహరణగా తీసుకుంటున్నా. ఊరి అంచున ఉండి తర్వాత సిటీలో కలిసిన ఏ ఏరియాకైనా ఇదే దారి పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు, డివిజన్ నంబర్‌ను నమ్మొద్దు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 2021లో ఫలానా నంబర్ అని ఉన్న డివిజన్, 2005లో అదే నంబర్‌తో ఉన్న డివిజన్ ఒకటే అనుకుని రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టేస్తారు. పునర్విభజన జరిగినప్పుడల్లా సరిహద్దులు జరుగుతాయి, నంబర్లు మారతాయి, చుట్టుపక్కల ఊళ్లు కొత్తగా వచ్చి కలుస్తాయి. దానికితోడు మన ఇంటి నంబర్‌లో గీతకు ముందు ఉండే అంకె ఎన్నికల డివిజన్ నంబర్ కాదు, అది పన్నుల కోసం పెట్టుకున్న రెవెన్యూ వార్డు. 2019 నుంచి వార్డు సచివాలయం నంబర్ ఇంకొకటి తోడైంది. అంటే ఒకే ఇంటికి మూడు నంబర్లు, మూడింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు!

కాబట్టి వీధుల పేర్లతో మొదలుపెట్టండి. డివిజన్ల హద్దుల నోటిఫికేషన్‌లో ఉత్తరాన ఏ రోడ్డు, తూర్పున ఏ వాగు, ఏ డోర్ నంబర్ నుంచి ఏ డోర్ నంబర్ దాకా అని రాసి ఉంటుంది. అది దొరికితే ఫోన్‌లో మ్యాప్ తెరిచి మీ వీధులన్నీ గీసుకోండి. కల్లూరు వైపైతే వక్కెర వాగు, చెన్నమ్మ సర్కిల్, హైవే లాంటి ఎవరికైనా తెలిసిన గుర్తులు పెట్టుకుంటే పని తేలికవుతుంది. నోటిఫికేషన్ దొరక్కపోతే ఆ ఏడాది ఓటర్ల జాబితా చూడండి. ఏ వీధి ఏ డివిజన్‌లో ఉందో అందులో తేలిపోతుంది.

తర్వాత ఏయే సంవత్సరాల్లో అసలు ఎన్నిక జరిగిందో ఖాయం చేసుకోండి. 2005లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2010లో అయిపోయింది. ఆ తర్వాత కర్నూలుకు ఎన్నిక జరిగింది 2021 మార్చి 10న, లెక్కింపు మార్చి 14న. మధ్యలో అంతా ప్రత్యేకాధికారుల పాలనే. 2014 మార్చి 30న రాష్ట్రంలో మున్సిపల్ ఎన్నికలు జరిగిన మాట నిజమే, కడప, అనంతపురం కార్పొరేషన్లకు కూడా జరిగాయి, కానీ కర్నూలుకు జరగలేదు. ఎవరైనా మీకు "2014లో మన డివిజన్ ఫలితం" అని అంకెలు ఇస్తే అవి అసెంబ్లీవై ఉంటాయి, పక్కన పెట్టేయండి.

మీ ఏరియా సిటీలో కలవకముందు పంచాయతీగా ఉండి ఉంటే ఆ కాలం చరిత్ర కార్పొరేషన్‌లో దొరకదు. సర్పంచ్, వార్డు మెంబర్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కాబట్టి మీరు రాసుకునే పట్టికలో అక్కడ "ఏ పార్టీ" అనే గడి ఖాళీగానే ఉంచండి. మద్దతు ఎవరిదో ఊరంతా తెలిసినా సరే, అది విడిగా రిమార్కుల్లో రాసుకోవాల్సిన మాట.

2021 విషయంలో ఒక మెలిక ఉంది. నామినేషన్లు వేసింది 2020 మార్చిలో. కరోనా వల్ల అక్కడే ఆగిపోయి, ఏడాది తర్వాత ఉపసంహరణ దగ్గర్నుంచి మళ్లీ మొదలైంది. అందుకే 2020 నాటి పేపర్ చూసి అభ్యర్థుల జాబితా రాసుకుంటే అందులో సగం మంది బరిలో లేనట్టు తర్వాత తెలియొచ్చు. ఉపసంహరణ గడువు ముగిసింది 2021 మార్చి 3న కాబట్టి ఆ మర్నాటి జిల్లా ఎడిషన్ చూడండి. ఫలితాలకైతే మార్చి 15 పేపర్. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పాత పేపర్ల కట్టలు అడగండి. 2005కి సాక్షి పేపర్ వెతక్కండి, అది మొదలైందే 2008లో.

పేపర్లో అంకె తప్పు పడొచ్చు కాబట్టి ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు కూడా పెట్టండి. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు పది రూపాయలు, మండల స్థాయికి ఐదు, గ్రామ పంచాయతీకి అసలు లేదు. "మా డివిజన్ వివరాలు కావాలి" అని రాస్తే పని కాదు, ఇలా రాయండి:

"కర్నూలు నగరపాలక సంస్థలో ఫలానా డివిజన్‌కు 2021 మార్చి 10న జరిగిన ఎన్నికలో మొత్తం ఓటర్లు, పోలైన ఓట్లు, అభ్యర్థుల వారీగా వచ్చిన ఓట్లు, నోటా, చెల్లని ఓట్లు తెలిపే ఫలితాల పత్రం నకలు; ఆ డివిజన్ సరిహద్దుల నోటిఫికేషన్ నకలు; రిజర్వేషన్ కేటాయింపు ఉత్తర్వు నకలు ఇప్పించగలరు."

దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. కాగితాలు వేరే ఆఫీసులో ఉంటే మీ దరఖాస్తును వాళ్లే అక్కడికి పంపాలి, "మా దగ్గర లేవు" అని చేతులు దులిపేసుకోవడానికి లేదు. రాకపోతే అప్పీలు వేయండి. చెల్లని ఓట్లు ప్రత్యేకంగా అడగమన్నది ఎందుకంటే 2021లో ఓటు బ్యాలెట్ పేపర్ మీద వేశాం, ఆ గడి లేకపోతే పోలైన ఓట్లకూ అభ్యర్థుల మొత్తానికీ లెక్క కుదరదు, మీరే ఎక్కడో తప్పు చేశామని తల పట్టుకుంటారు.

రిజర్వేషన్ గడిని తేలిగ్గా తీసుకోకండి. చరిత్ర సగం అక్కడే ఉంటుంది. జనరల్‌గా ఉన్న డివిజన్ మహిళకు కేటాయిస్తే, ఎప్పట్నుంచో తిరుగుతున్న నాయకుడు భార్యనో తల్లినో నిలబెడతాడు, లేదంటే పక్క డివిజన్‌కు మారతాడు. కాగితం మీద కొత్త పేరు, వీధిలో మాత్రం పాత మనిషే. ఇంటిపేరు చూసి బంధుత్వం ఊహించి రాసేయకండి, అడిగి తెలుసుకోండి.

పార్టీ కంటే మనిషిని పట్టుకోవాలి అనడానికి పాణ్యం అసెంబ్లీ నియోజకవర్గం చాలు. 2014లో అక్కడ వైఎస్సార్సీపీ తరఫున గెలిచిన గౌరు చరిత రెడ్డే 2024లో టీడీపీ తరఫున గెలిచారు. పార్టీ గడి ఒక్కటే చూస్తే జనం అభిప్రాయం తలకిందులైందని రాస్తారు, మనిషి గడి చూస్తే కథ వేరు. డివిజన్లలోనూ ఇలాంటివి కొల్లలు. పాణ్యం ఎందుకు తెచ్చానంటే కల్లూరు డివిజన్లు సిటీలో ఉన్నా అసెంబ్లీకి ఓటేసేది పాణ్యానికే. అసెంబ్లీ బూత్ లెక్కలతో పోల్చాలనుకుంటే పాణ్యం ఫారం 20 (బూత్ వారీగా ఎవరికెన్ని ఓట్లో చూపే పత్రం) చూడండి, కర్నూలుది కాదు.

ఏకగ్రీవమైన చోట ఓట్ల గడిలో సున్నా వేయకండి, "ఏకగ్రీవం" అనే రాయండి. 2021లో కడప జిల్లా పులివెందులలో 33 వార్డులూ ఏకగ్రీవమే. అక్కడ సున్నాలు పెడితే ఎవరూ ఓటేయడానికి రాలేదన్నట్టు ఉంటుంది.

ఇక పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లండి. పాత పోలింగ్ ఏజెంట్లు దొరికితే మరీ మంచిది, టిక్కులు పెట్టిన ఓటర్ల జాబితా బీరువాలో దాచుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. "ఎవరు గెలిచినారు న్నా?" అని అడిగితే అభిమానం మాట్లాడుతుంది. "అప్పుడు మీ వీధోళ్లు ఓటు ఏ బడిలో వేసినారు న్నా, ఎవరెవరు నిలబడినారు?" అని అడగండి. బడి పేరు చెప్పగానే మిగతావన్నీ వరుసగా గుర్తొస్తాయి, ఆ బడి పేరుతోనే పాత డివిజన్ ఏదో మీరు సరిచూసుకోవచ్చు. వాళ్లు చెప్పింది కాగితంతో కుదరకపోతే రెండూ రాయండి, ఏది ఎక్కడిదో పక్కన పెట్టండి.