చెవి మూసేదా, తెరిచి ఉంచేదా: కొనేముందు చూసుకోవాల్సినవి

హెడ్‌ఫోన్ కొనేటప్పుడు ముందు ధర చూడకండి. రోజులో ఎక్కువసేపు ఏ చప్పుడు మధ్య కూర్చుంటారో చూసుకోండి.

నేను కూకట్‌పల్లిలో ఇంటి నుంచే పనిచేస్తాను. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. పక్కగదిలోంచి "అమ్మాయ్" అంటే వెంటనే లేవాలి. మొదట చెవులు పూర్తిగా కప్పి, బయటి చప్పుడును తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ వాడాను. ఒకరోజు పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. ఆవిడ ఎన్నిసార్లు పిలిచారో, నాకు వినపడనేలేదు. గ్యాస్ వాసన తగిలాకే పరుగెత్తాను. మర్నాడే చెవి రంధ్రాన్ని మూయని ఓపెన్ ఇయర్‌బడ్స్ తెచ్చుకున్నాను. ఇప్పుడు మీటింగులో ఉన్నా కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటాను.

విజయవాడ వెళ్లే రాత్రి బస్సులో మాత్రం అవి పనికిరావు. ఇంజన్ హోరు మీద పాట వినాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోతాం. 80 డెసిబెల్స్ శబ్దమైతే వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అక్కడ పెద్ద హెడ్‌ఫోనే మేలు. దాని మైకులు బయటి శబ్దాన్ని పట్టుకుంటాయి, దానికి సరిగ్గా తిరగేసిన తరంగాన్ని హెడ్‌ఫోన్ వినిపిస్తుంది, రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఏసీ, ఇంజన్ లాంటి ఆగని హోరు బాగా తగ్గుతుంది. మాటలు, హారన్లు అంతగా తగ్గవు.

షాపులో పది నిమిషాలైనా పెట్టుకుని చూడండి. కళ్లజోడు ఉంటే తీయకండి. కాడ దగ్గర సందు పడితే చప్పుడు లోపలికి వస్తుంది. ఓపెన్‌వైతే జారిపోతాయేమో వంగి, తల ఊపి చూడండి. పక్కన నిలబడ్డవాళ్లకు మీ కాల్ వినిపిస్తోందేమో కూడా అడగండి.