తిరుపతిలో రూమ్ తీసుకునే ముందు చెకౌట్ లెక్క అడగండి

తిరుపతి లాడ్జిల్లో అద్దె కంటే ముందు తేల్చుకోవాల్సింది చెకౌట్ పద్ధతి. కొన్నిచోట్ల 24 గంటల లెక్క, కొన్నిచోట్ల మధ్యాహ్నం 12 లెక్క. పొద్దున 5 గంటల రైలుకు దిగి 12 లెక్కన్న హోటల్లో చేరితే ఏడు గంటల్లోనే ఒక రోజు అద్దె అయిపోతుంది. 24 గంటల లాడ్జిలో అయితే మర్నాడు 5 దాకా గది మీదే. దర్శనం ఎన్నింటికి అవుతుందో తెలియనప్పుడు ఈ తేడా చాలా పెద్దది. యాప్‌లో ఏం రాసున్నా, లాడ్జికి ఫోన్ చేసి "పొద్దున 5కి వస్తాం, ఎప్పుడు ఖాళీ చేయాలి?" అని సూటిగా అడగండి. జవాబు వాట్సాప్‌లో పెట్టించుకుంటే కౌంటర్ దగ్గర పేచీ ఉండదు.

సర్వదర్శనం టోకెన్ల కోసమైతే రైల్వే స్టేషన్ ఎదుట విష్ణునివాసం, బస్టాండు ఎదుట శ్రీనివాసం (రెండూ టోకెన్లిచ్చే టీటీడీ వసతి భవనాలు) చుట్టుపక్కల చూసుకోండి. పట్టాల వైపు కిటికీ ఉన్న గది మాత్రం వద్దనండి, రాత్రంతా రైళ్ల మోతే. మెట్లెక్కేవాళ్లకు అలిపిరి వైపు మేలు. కొండకు రెండో మెట్ల దారైన శ్రీవారి మెట్టు మాత్రం అలిపిరిలో కాదు, శ్రీనివాసమంగాపురం దగ్గర మొదలవుతుంది.

వేడినీళ్లు చాలా లాడ్జిల్లో పొద్దున కొన్ని గంటలే వస్తాయి. తెల్లవారుజామున బయల్దేరేవాళ్లు గీజరున్న గదే అడగాలి. పెద్దవాళ్లుంటే లిఫ్ట్ పనిచేస్తోందో లేదో కూడా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. కొండమీద గదులు టీటీడీవి, మఠాలవి. 'తిరుమలలో ప్రైవేటు హోటల్, అడ్వాన్స్ పంపండి' అని ఎవరన్నా రూపాయి కూడా పంపకండి. కొండమీద టీటీడీ గది ఆన్‌లైన్‌లో కావాలంటే టీటీడీ అధికారిక వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోండి.