డైటింగ్‌లో దండగ తిండిని గుర్తించి మానేయడం ఎలా?

బరువు తగ్గాలి అనుకోగానే చాలామంది ముందు మానేసేది తమకు బాగా ఇష్టమైనదాన్నే. ఆవకాయ అన్నంలో నెయ్యి, ఆదివారం బిర్యానీ, పండక్కి బొబ్బట్లు. పది రోజులు పంటి బిగువున ఉంటారు, పదకొండో రోజు విసుగొచ్చి అన్నీ మొదలుపెడతారు. నేనూ మూడుసార్లు ఇలాగే చేసి వదిలేశాను. నాలుగోసారి ఏం తింటున్నానో కాగితం మీద రాసుకుంటే విషయం అర్థమైంది. బొబ్బట్లు తినేది ఏడాదికి నాలుగైదు సార్లు. రోజూ తినేవి వేరే ఉన్నాయి: ఆఫీసులో మెత్తబడిపోయిన బిస్కెట్లు, మీటింగ్‌లో చల్లారిన సమోసా, మా చిన్నవాడు పళ్లెంలో వదిలేసిన దోసె ముక్క. ఇవి తిన్న సంగతి సాయంత్రానికి గుర్తు కూడా ఉండదు. రుచి కోసమూ కాదు, ఆకలికీ కాదు. వీటినే నేను దండగ తిండి అంటాను. డైటింగ్ వీటితో మొదలుపెడితే ఇష్టమైనవి పెద్దగా తగ్గించుకోనక్కర్లేదు.

1. నాలుగు రోజులు రాయండి, ఏదీ తగ్గించకండి

అందులో ఒక ఆదివారం ఉండేలా చూసుకోండి. ఎప్పుడు తిన్నారు, ఏం తిన్నారు, ఎంత తిన్నారు అని రాయడం అందరికీ తెలిసిందే. దానికి ఇంకొకటి కలపండి: ఎందుకు తిన్నారు? ఆకలేసి, ఇష్టమై, అలవాటుగా, మొహమాటానికి, పారేయలేక. ఈ ఐదింటిలో ఏదో ఒక మాట చాలు. వంట చేస్తూ నోట్లో వేసుకున్న పల్లీలు, రుచి చూడ్డానికి తిన్న రెండు గరిటెల కూర కూడా రాయాలి. ఈ నాలుగు రోజుల్లోనే తగ్గించడం మొదలుపెడితే అసలు లెక్క బయటికి రాదు.

2. అన్నీ లెక్కపెట్టకండి, నూనె, చక్కెర చాలు

ప్రతి ముద్దకీ కేలరీలు వెతుక్కుంటూ కూర్చుంటే వారంలో టెన్షన్ వస్తుంది. కొవ్వు గ్రాముకు 9 కేలరీలు, పిండిపదార్థాలూ ప్రొటీనూ గ్రాముకు 4 చొప్పున ఇస్తాయి. ఇది గుర్తుంటే సగం పని అయినట్టే. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి. వేరుశనగ అయినా, పొద్దుతిరుగుడు అయినా, ఖరీదైన ఆలివ్ అయినా లెక్క ఒకటే.

మీ ఇంటి లెక్క ఇలా చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్ల నూనె అయిపోతుంటే మనిషికి ఒక లీటరు, అంటే సుమారు 910 గ్రాములు. రోజుకు 30 గ్రాములు, 270 కేలరీలు. బయట తినేది దీనికి అదనం. కూరలోకి సీసాతో వంచడం మానేసి చెంచాతో కొలిచి పోయండి. మా ఇంట్లో నెలకు లీటరు మిగిలింది, కూర రుచి మారిందని ఎవరూ అనలేదు.

టీ సంగతి కూడా ఇంతే. వంద మిల్లీలీటర్ల పాలు, రెండు చెంచాల చక్కెర వేస్తే కప్పుకు దాదాపు 100 కేలరీలు. రోజుకు నాలుగు కప్పులంటే 400, అంటే మూడు వందల గ్రాముల అన్నంతో సమానం. టీ మానేయమని చెప్పను. పొద్దున్న మొదటి కప్పు నాకు ప్రాణం, దాన్ని మానను. మిగతా మూడింటిలో పక్కవాళ్లు తాగుతున్నారని తాగే కప్పు ఒకటుంటుంది, దాన్ని పట్టుకోండి.

3. ప్రతిదానికీ రెండు ప్రశ్నలు వేయండి

నోటికి నచ్చిందా? రెండు గంటలు ఆకలి ఆపిందా?

రెండింటికీ అవునంటే దాన్ని తగ్గించకండి. నాకు పెసరట్టు, ముద్దపప్పు అన్నం అలాంటివి. పప్పన్నంలో ఒక చిన్న చెంచా నెయ్యి వేసుకుంటే పెరిగేది 45 కేలరీలు. ఆ ముద్ద ఇచ్చే తృప్తికి అది చాలా తక్కువ. నచ్చింది కానీ ఆకలి ఆపలేదంటే, ఆత్రేయపురం పూతరేకులు, కాకినాడ కాజా లాంటివి, వాటికి ఒక రోజు పెట్టుకుని తినండి. ఆకలి ఆపింది కానీ నచ్చలేదంటే వండే పద్ధతి మార్చండి. రెండింటికీ కాదని వస్తే అదే దండగ.

నా కాగితంలో ఆ చివరి గుంపులో తేలినవి చెబుతాను. సాయంత్రం టీతో ఆరు మేరీ బిస్కెట్లు, ఒక్కోటి 25 చొప్పున 150 కేలరీలు, అరగంటకే మళ్లీ ఆకలి. టీవీ ముందు గుప్పెడు మిక్చర్, 30 గ్రాములుంటే దాదాపు 160. దాదాపు అవే కేలరీలున్న గుప్పెడు పల్లీలైతే ప్రొటీన్ వల్ల రాత్రి భోజనం దాకా ఆగగలిగాను. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. రోజు మొత్తంలో తిండికి విడిగా కలిపే చక్కెర 25 గ్రాముల్లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క సీసాతోనే ఆ హద్దు దాటిపోతుంది, కడుపూ నిండదు.

చల్లారిన సమోసా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక్కటే సుమారు 250 కేలరీలు. వేడివేడిగా బండి దగ్గర నిలబడి తింటే అది పండగే, నేను కాదనను. కానీ మీటింగ్‌లో గంట ముందు తెచ్చి పెట్టిన మెత్తటి సమోసా ఎందుకు తింటున్నాం? ఎదురుగా ఉంది కాబట్టి. ఒక ముక్క కొరికి చూడండి. అనుకున్న రుచి లేకపోతే అక్కడే ఆపేయండి. మొదటి ముక్కలో లేని రుచి చివరి ముక్కలో రాదు.

4. పారేయలేక తినేదానికి ముందే దారి చూడండి

ఇది మన ఇళ్లలో, ముఖ్యంగా అమ్మల విషయంలో పెద్ద సమస్య. అన్నం పరబ్రహ్మస్వరూపం అని పెరిగినవాళ్లం. పళ్లెంలో మెతుకు వదిలితే మనసొప్పదు. అందుకే పిల్లలు వదిలేసింది, గిన్నె అడుగున మిగిలింది అన్నీ మన కడుపులోకే పోతాయి. ఆ గౌరవం వదులుకోమని నేను అనను, నాకూ ఒప్పదు. మిగలకుండా చూసుకోవడమే దారి. పిల్లలకు సగమే వడ్డించండి, కావాలంటే మళ్లీ అడుగుతారు. బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తగ్గించండి. మిగిలిన అన్నం వెంటనే చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నే పోపు పెట్టుకోవచ్చు. అప్పుడు అది టిఫిన్ అవుతుంది. కడుపు నిండాక తిన్న రెండు ముద్దలు కూడా ఒకరకంగా పారేసినట్టే.

5. పెళ్లిలో పళ్లెం పట్టుకునే ముందు ఒకసారి చుట్టి రండి

బఫేలో ముందు కనిపించేవి వెల్‌కమ్ డ్రింక్, మంచూరియా, నూడుల్స్, ఫ్రైడ్ రైస్. చివర గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, పెరుగన్నం. వరసలో నిలబడితే మొదటివాటితోనే పళ్లెం నిండుతుంది. అన్నీ చూసి, ఈ రోజు వదిలితే మళ్లీ దొరకవు అనిపించే మూడు ఎంచుకోండి. మంచూరియా మన వీధి చివర రోజూ దొరుకుతుంది.

పెద్దవాళ్లు కొసరి వడ్డిస్తుంటే ఉత్తినే వద్దంటే నొచ్చుకుంటారు. ఏది కావాలో మీరే అడగండి. ‘అత్తయ్యా, నాకు బొబ్బట్టు ఒక్కటి వెయ్యండి, మీరు చేసిందే తింటాను, పులిహోర మాత్రం వద్దు’ అంటే ఆవిడకూ సంతోషమే.

6. ‘ఆరోగ్యానికి మంచిది’ అనే పేరును నమ్మి తినకండి

బెల్లంలో, తేనెలో కేలరీలు చక్కెరకు దగ్గరగానే ఉంటాయి. బెల్లం కాఫీ రుచి నచ్చితే తాగండి, బరువు తగ్గుతామని మాత్రం కాదు. బత్తాయి రసం కన్నా బత్తాయి మేలు. రసంలో పీచు పోతుంది, జ్యూస్ సెంటర్‌లో పైన చక్కెర పడుతుంది. మల్టీగ్రెయిన్, డైజెస్టివ్ అని రాసి ఉన్న బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పండి. 100 గ్రాములకు 450 కేలరీలు దాటి ఉంటే అది మామూలు బిస్కెట్టే.

షుగర్‌కు మందులు లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఏదీ తగ్గించకండి. ఎదిగే పిల్లలకు ఈ లెక్కలు చెప్పకండి. రాస్తున్నకొద్దీ తిండంటే భయం పుడుతుంటే కాగితం పక్కన పడేసి ఎవరితోనైనా మాట్లాడండి.

7. ఒకసారికి రెండే మానండి

కాగితంలో పది దండగలు దొరికినా మొదటి రెండు వారాలు రెండింటినే తీసేయండి. నేను బిస్కెట్లు, మిక్చర్ ఆపాను. ఇంట్లో డబ్బా ఉంటే చేయి దానంతట అదే వెళ్తుంది కాబట్టి కొనడమే మానేశాం. ఆ రెండూ కలిపి రోజుకు 300 కేలరీలు. వాటి కోసం బాధపడిన రోజు ఒక్కటీ లేదు.

నెల తర్వాత మళ్లీ రెండు రోజులు రాయండి. కాలం మారితే జాబితా మారుతుంది. నేను వేసవిలో ఫ్రిజ్‌లోని జ్యూస్ ప్యాకెట్లు తీసేసి మజ్జిగ కుండ పెడతాను. మే నెల మధ్యాహ్నం భోజనంలో అన్నం కొంచెం తగ్గించి ఒక బంగినపల్లి పండు కోసుకుంటాను. 250 గ్రాముల గుజ్జుకు 150 కేలరీలు. టెంక దాకా తింటాను.