పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో ఏం చూడాలి, బిల్లుపై ఎలా రాయాలి

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైందని అనంతపురం జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. 2004 డిసెంబరులో పార్లమెంటులో పెట్టిన బిల్లు మాత్రం పేద కుటుంబాలకే పని అంది. బిల్లును పరిశీలించిన ఎంపీల బృందం, అంటే గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం, ఆ 'పేద' అన్న షరతు తీసేయమంది. 2005 చట్టంలో ఆ మాట లేదు. బిల్లు సంఘం దగ్గర ఉన్నప్పుడే మన మాట చేరాలనేది అందుకే.

శాఖలవారీ స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి. ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. మంత్రులు సభ్యులుగా ఉండరు. ఫిబ్రవరిలో బడ్జెట్ పెట్టాక సభలకు విరామం ఇస్తారు. ఆ రోజుల్లోనే ఈ సంఘాలు అధికారులను పిలిపించి శాఖల పద్దులు (ఒక్కో శాఖ అడిగే ఖర్చు లెక్కలు) విప్పి చూస్తాయి. సభలో చర్చకు వచ్చే శాఖలు కొన్నే. మిగతా పద్దులన్నీ చర్చ లేకుండా గిలెటిన్‌తో, అంటే ఒకేసారి ఓటుకు పెట్టి, ఆమోదం పొందుతాయి. కాబట్టి చాలా శాఖలను లెక్క అడిగేది సంఘమే.

పద్దులపై సంఘం ఇచ్చిన నివేదిక తీసుకుని ముందు పట్టిక చూడండి. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం అని మూడు అంకెలుంటాయి. చాలామంది ఈ ఏటి అంచనాను నిరుటి అంచనాతో పోల్చి 'పెరిగింది' అంటారు. అక్కడే పొరబాటు. నిరుడు మధ్యలో సవరించి ఎక్కువ ఇచ్చి ఉంటే, ఈ ఏడు పాత అంచనానే మళ్లీ పెట్టడం కోతే. పాత బకాయిలు ఎంతో కూడా వెతకండి. కూలి, సామగ్రి బకాయిలు కొత్త ఏటి డబ్బులోంచే పోతాయి.

సిఫారసులకు శాఖ మూడు నెలల్లో జవాబివ్వాలి. ఆ జవాబులపై సంఘం మరో నివేదిక తెస్తుంది, అందులో ఐదు అధ్యాయాలుంటాయి. సమయం లేకపోతే నాలుగో అధ్యాయం ఒక్కటే చదవండి. శాఖ జవాబుకు సంఘం ఒప్పుకోనివి అక్కడుంటాయి. ఐదోదానిలో తుది జవాబు రానివి. ఎంపీని కలిసేటప్పుడు ఈ పేజీల నకలు చేతిలో ఉంటే మాట గట్టిగా నిలుస్తుంది.

బిల్లుపై అభిప్రాయాలు కోరుతూ సంఘం పత్రికల్లో ప్రకటన ఇస్తుంది. గడువు తరచూ 15 రోజులే, కాబట్టి ప్రకటన చూసిన రోజే కూర్చోండి. క్లాజు (బిల్లులోని నిబంధన) సంఖ్య, ఇప్పుడున్న మాట, కావాల్సిన మార్పు, కారణం: ఈ వరుసలో ఒక్కో క్లాజుకు ఒక్కో పేరా చాలు. ఊళ్లో తెలుగులోనే చర్చించి రాసుకున్నా, పంపేది ప్రకటనలో అడిగిన భాషలో ఉండాలి. మామూలుగా ఇంగ్లీషు లేదా హిందీ అడుగుతారు. బిల్లులో లేని కోరికలు కలిపితే అసలు మాట మరుగున పడుతుంది. సంఘం ముందు హాజరై చెప్పాలనుకుంటే ఆ సంగతి విడిగా రాయండి. పంపిన వినతిపత్రం సంఘం రికార్డు అవుతుంది, అది గోప్యం. పత్రికలకు ఇవ్వకండి.

సంఘం సిఫారసుకు ప్రభుత్వం కట్టుబడి తీరాలని లేదు. ప్రతి బిల్లూ సంఘానికి వెళ్లదు కూడా. వెళ్లకపోతే అదే కాగితాన్ని క్లాజులవారీగా మీ ఎంపీకి ఇచ్చి, బిల్లు సభలో చర్చకు రాకముందే సవరణ నోటీసు ఇవ్వమని అడగండి.