బండి సరిహద్దు దగ్గర ఆగిపోతే: దక్షిణ అమెరికా దారిలో సమస్యలు, పరిష్కారాలు

దక్షిణ అమెరికాలో సొంత బండితో తిరిగేవాళ్లు చేసే మొదటి తప్పు, పాస్‌పోర్ట్ మీద ముద్ర పడగానే పనైపోయిందనుకుని బండెక్కి వెళ్లిపోవడం. అక్కడి లెక్కలో సరిహద్దు దాటేది ఇద్దరు. మీరొకరు, మీ బండి ఇంకొకరు. మీ సంగతి ఇమిగ్రేషన్ వాళ్లు చూస్తారు. బండి సంగతి కస్టమ్స్ వాళ్లది. స్పానిష్‌లో దాన్ని అదువానా అంటారు, ఈ ఒక్క మాట గుర్తుంటే సగం బోర్డులు అర్థమైపోతాయి.

బండికి అక్కడ ఇచ్చే కాగితం టెంపరరీ ఇంపోర్ట్ పర్మిట్. 'ఈ బండిని ఇక్కడ అమ్మను, ఫలానా తేదీలోపు బయటికి తీసుకెళ్లిపోతాను' అని మీరిచ్చే మాట అది. ఆఫ్రికా, ఆసియా దారుల్లో అడిగే కార్నే (బండి తిరిగి బయటికి వెళ్తుందని కస్టమ్స్‌కు హామీ ఇచ్చే పుస్తకం) ఇక్కడ మామూలుగా అడగరు, ఈ పర్మిటే సరిపోతుంది. టెక్సస్ నంబర్ ప్లేటున్న పాత టొయోటాతో కొలంబియా నుంచి అర్జెంటీనా దాకా వెళ్లినప్పుడు నాకు ఎదురైనవీ, దారిలో కలిసినవాళ్లు చెప్పుకుని బాధపడినవీ కింద రాస్తున్నాను. ఇండియా నుంచి బైక్ పంపించుకునేవాళ్లకు కూడా ఇందులో చాలావరకు పనికొస్తాయి.

"మీ బండి ఇప్పటికే మా దేశంలో ఉందే?"

రెండోసారి అదే దేశంలోకి వెళ్తున్నప్పుడు వచ్చే ప్రశ్న ఇది. బండి వాళ్ల కళ్ల ముందే, గేటు బయట నిలబడి ఉంటుంది. కంప్యూటర్‌లో మాత్రం అది ఎప్పుడో లోపలికొచ్చింది, ఇంకా బయటికి పోలేదు.

కారణం: మొదటిసారి వెళ్లిపోయేటప్పుడు మీ పాస్‌పోర్ట్‌కు ఎగ్జిట్ ముద్ర వేయించుకున్నారు, బండి పర్మిట్ రద్దు చేయించలేదు. చాలా చోట్ల ఎవరూ పిలిచి అడగరు. గేటు దగ్గర గార్డు చెయ్యి ఊపుతాడు, మనమూ చెయ్యి ఊపి వెళ్లిపోతాం.

పరిష్కారం: ఇంకా కొన్ని కిలోమీటర్లే దాటి ఉంటే మారుమాట లేకుండా వెనక్కి వెళ్లండి. సలీదా దెల్ వెహీకులో, అంటే బండి ఎగ్జిట్, అని అడిగితే కిటికీ చూపిస్తారు. నెలలు గడిచాక తెలిస్తే కథ వేరు. అప్పుడు మీ బండి ఆ రోజే పక్క దేశంలోకి వెళ్లిందని చూపించే కాగితం కావాలి, అది పక్క దేశం ఇచ్చిన పర్మిటే. అందుకే గడువు ముగిసిన పర్మిట్లన్నింటినీ ఫోటో తీసి, తేదీలవారీగా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. పర్మిట్ కాగితాన్ని వాళ్లే తీసేసుకునే చోట, ఇచ్చే ముందే ఫోటో తీయాలి. తర్వాత అడిగితే దొరకదు.

"నంబర్ కలవడం లేదు"

దీనికి నేను మూడు గంటలు ఖర్చు పెట్టాను. నాలుగు వేల మీటర్ల ఎత్తు, గాలి చెవులు కోసేస్తోంది. దేశం నుంచి బయటికెళ్లే చోట కస్టమ్స్ ఆయన డ్రైవర్ వైపు అద్దం కింద టార్చ్ వేసి ఛాసిస్ నంబర్‌ను ఒక్కో అక్షరం పైకి చదువుతున్నాడు. నేను పర్మిట్ మీద వేలు పెట్టి వెంట వెళ్తున్నాను. పన్నెండో అక్షరం దగ్గర వేలు ఆగిపోయింది. బండి మీద సున్నా ఉంది, కాగితం మీద ఇంగ్లిష్ అక్షరం ఓ ఉంది. లోపలికొచ్చినప్పుడు టైప్ చేసినవారు అలా కొట్టారు. నేను చూసుకోకుండా మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు ఆయన దృష్టిలో ఈ బండీ, ఆ కాగితంలో ఉన్న బండీ వేర్వేరు.

చివరికి నన్ను కాపాడింది ఒక చిన్న విషయం. 17 అక్షరాల ఛాసిస్ నంబర్‌లో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఉండవు. ఒకటి, సున్నాలతో పొరబడకుండా ఆ మూడింటినీ అంతర్జాతీయ ప్రమాణంలోనే తీసేశారు. కాబట్టి కాగితం మీద ఓ కనిపిస్తే అది కచ్చితంగా టైపింగ్ తప్పే. ఈ మాట ఫోన్‌లో స్పానిష్‌లోకి మార్చి చూపించాను. వాళ్ల పై అధికారి భోజనం చేసి వచ్చాక దిద్ది, పక్కన సంతకం పెట్టి, ముద్ర వేశాడు. భోజనానికి ఆయన తీసుకున్న టైమే ఎక్కువ.

అసలు పరిష్కారం మాత్రం ముందే ఉంది. పర్మిట్ చేతికొచ్చాక కిటికీ దగ్గర నుంచి కదలకండి. ఛాసిస్ నంబర్, ప్లేట్ నంబర్, పాస్‌పోర్ట్ నంబర్, పేరు, గడువు తేదీ, ఈ ఐదూ అక్షరం అక్షరం చూడండి. వెనక క్యూ గొణిగినా సరే. తప్పుంటే 'కొర్రెహిర్, పోర్ ఫవోర్' అంటే అప్పుడే రెండు నిమిషాల్లో మారుస్తారు.

ఇంజిన్ నంబర్ గురించి ఒక మాట. ఫారంలో మోటార్ నంబర్ అని ఒక గడి ఉంటుంది. మన ఆర్‌సీలో ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ రెండూ ఉంటాయి కాబట్టి ఇండియా బళ్లవాళ్లకు దిగుల్లేదు. అమెరికా రిజిస్ట్రేషన్ కాగితంలో మామూలుగా ఇంజిన్ నంబర్ ఉండదు. బయల్దేరే ముందు మెకానిక్‌తో ఇంజిన్ మీద చెక్కిన నంబర్ ఎక్కడుందో చూపించుకుని ఫోటో తీసుకోండి. పనామా నుంచి కంటైనర్‌లో పంపేటప్పుడు అక్కడి పోలీసులు బండి నంబర్లు తనిఖీ చేస్తారు, అప్పుడు కూడా ఇదే అక్కరకొస్తుంది. (పనామాకూ కొలంబియాకూ మధ్య డేరియన్ అడవిలో రోడ్డు లేదు. దాదాపు 100 కిలోమీటర్ల ఖాళీ. బండి మామూలుగా పనామాలోని కొలోన్ రేవు నుంచి ఓడెక్కి కొలంబియాలోని కార్తహేనాలో దిగుతుంది. ఎవరైనా 'దారి ఉంది' అంటే నమ్మకండి.)

"ఈ పేరు మీది కాదు"

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇది. అక్కడి ఫారంలో అపెయీదో అంటే ఇంటిపేరు, నోంబ్రే అంటే పేరు. మన పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆర్‌సీలో ఒక్క అక్షరానికి కుదించి ఉంటుంది. లేదా ఆర్‌సీలో ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక. తెలుగు తెలిసినవాడికి ఇద్దరూ ఒకరే. కిటికీ వెనకున్న ఆయనకు కాదు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లది ఇంకో అవస్థ. అమెరికా వీసాలో వాళ్లకు అసలు పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. కొందరికి అదే డ్రైవింగ్ లైసెన్స్ మీదికి, అక్కడి నుంచి బండి కాగితం మీదికి ఎక్కుతుంది. 'ఈ ఎఫ్‌ఎన్‌యూ ఎవరు, రమ్మనండి' అన్నారట ఒకచోట, దారిలో కలిసిన ఒక కుర్రాడితో.

పరిష్కారం ఇంటి దగ్గరే జరగాలి. బండి రిజిస్ట్రేషన్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండేలా మార్పించుకోండి. సరిహద్దులో నిలబడి దీన్ని సరిచేయడం కుదరదు, బతిమాలుకోవడమే.

బండి నిజంగానే వేరేవాళ్ల పేరు మీద ఉంటే, నాన్నగారిదో బావగారిదో అయితే, యజమాని ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. దానికి అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ, చేయించాలి, స్పానిష్ అనువాదం జతపరచాలి. అపోస్టిల్ ఒప్పందంలో ఇండియా 2005 నుంచి ఉంది, ఈ దారిలోని దేశాలూ ఉన్నాయి. ఇండియాలో రాసిన కాగితానికి అది విదేశాంగ శాఖ వేస్తుంది. అమెరికాలో రాసినదానికి ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు. బండి లోన్‌లో ఉంటే బ్యాంక్ నుంచి 'తీసుకెళ్లడానికి మాకు అభ్యంతరం లేదు' అనే ఉత్తరం కూడా ఇలాగే తయారు చేయించుకోవాలి.

ఇంకొకటి. పర్మిట్ ఎవరి పేరు మీద ఇస్తే వాళ్లే బండిని బయటికి తీసుకెళ్లాలి. అత్యవసరమై మీరు విమానమెక్కితే, మీ ఆవిడ బండి నడుపుకుంటూ సరిహద్దు దాటడం కుదరకపోవచ్చు. లోపలికొచ్చేటప్పుడే రెండో డ్రైవర్ పేరు రాయమని అడగండి. కొన్నిచోట్ల రాస్తారు.

"రిజిస్ట్రేషన్ ముగిసిపోయింది కదా"

ముగియలేదు. అమెరికా కాగితంలో నెల ముందు, రోజు తర్వాత ఉంటుంది. దక్షిణ అమెరికాలో మనలాగే రోజు ముందు. నవంబర్ 4 అని మీరనుకునే 11/04 వాళ్లకు ఏప్రిల్ 11. నెల పేరు అక్షరాల్లో రాసిన స్పానిష్ అనువాదం ఒక్క పేజీ చాలు.

ముద్ర వేసేవాళ్లే కనిపించలేదు

ఇది రెండు రకాలు. ఒకటి నిజంగా ప్రమాదం, ఇంకొకటి వట్టి టెన్షన్.

ప్రమాదం ఎక్కడంటే బ్రెజిల్ ఫోజ్ దో ఇగ్వాసు నుంచి పరాగ్వే సియుదాద్ దెల్ ఎస్తె వెళ్లే స్నేహ వంతెన మీద. సరుకులు కొనుక్కునే జనం, మోటార్‌సైకిల్ టాక్సీలు, ఆ ప్రవాహంలో పడితే ఎవరూ ఆపరు, అవతల తేలతారు. ఉరుగ్వే, బ్రెజిల్ మధ్య చుయ్ ఊళ్లో అయితే సరిహద్దు అంటే ఒక వీధి, అంతే. రివేరా దగ్గరా ఇదే తీరు. టీ తాగడానికి రోడ్డు దాటితే దేశం మారిపోతుంది. అక్కడ ఆపేవాళ్లు లేరు కాబట్టి మీరే ఆగాలి, ఆఫీసులు వెతుక్కుని రెండు దేశాల్లోనూ మీకూ బండికీ ముద్రలు వేయించుకోవాలి. మర్చిపోయి లోపలికి వెళ్లిపోతే, తెలిసిన రోజే వెనక్కి రండి. ఆలస్యమయ్యేకొద్దీ జరిమానా మాట మొదలవుతుంది.

రెండోది ఆండీస్ మీద. అర్జెంటీనాలోని మెండోసా నుంచి చిలీలోని శాంటియాగో వెళ్తుంటే అర్జెంటీనా వైపు ఎగ్జిట్ ముద్ర లేకుండానే సొరంగం దాటేస్తారు. గుండె గుభేలుమంటుంది. కంగారు పడకండి. అక్కడ రెండు దేశాల అధికారులూ ఒకే చోట కూర్చుంటారు. చిలీలోకి వెళ్లేటప్పుడు పనంతా చిలీ వైపు లోస్ లిబెర్తదోరెస్‌లో, అర్జెంటీనాలోకి వెళ్లేటప్పుడు అర్జెంటీనా వైపు ఓర్కోనెస్‌లో. ఎన్ని కిటికీలు తిరిగామో లెక్క చూసుకోండి, అంతే.

మీకు రోజులున్నాయి, బండికి లేవు

మీ వీసా రోజులూ బండి రోజులూ వేర్వేరు లెక్కలు. చిలీ, పెరూ బండికి మామూలుగా 90 రోజులిస్తాయి. అర్జెంటీనాలో పర్యాటకుల బండికి 8 నెలలు, ఉరుగ్వేలో 12 నెలలు. మీరు విమానంలో ఇంటికెళ్లి వచ్చినా బండి గడియారం ఆగదు. నాలుగైదు నెలలు ఇండియా వెళ్లొద్దామనుకునేవాళ్లు బండిని ఉరుగ్వేలో పెట్టి వెళ్లేది అందుకే. పెరూలో గడువు దాటితే జరిమానాతో పోదు, బండినే జప్తు చేసే వీలుంది. తేదీని ఫోన్‌లో పది రోజుల ముందు అలారంగా పెట్టుకోండి. సమ్మెలూ, రోడ్డు దిగ్బంధాలూ ఆ దేశాల్లో కొత్త కాదు. ఆఖరి రోజు బయల్దేరి, దారిలో టైర్లు కాల్చి కూర్చున్న జనం ఎదురైతే ఏమీ చేయలేం.

"ఇన్సూరెన్స్ చూపించండి"

అమెరికా పాలసీ, ఇండియా పాలసీ రెండూ అక్కడ చెల్లవు. కొలంబియా, పెరూలో సోఆట్ అనే తప్పనిసరి బీమా కొనాలి. చిలీలో విదేశీ బళ్ల కోసం సోఆపెక్స్ ఉంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అర్జెంటీనాలో కొనేటప్పుడు ఉరుగ్వే, పరాగ్వే, బ్రెజిల్‌కూ పనికొచ్చే పాలసీ ఇమ్మని అడగండి.

చిలీ వాళ్లు డిక్కీ మొత్తం దింపించారు

వంటసామాను లేకుండా బయల్దేరే తెలుగువాళ్లు తక్కువ కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే రాయాలి. చిలీలో వ్యవసాయ తనిఖీ శాఖ ఉంది, సాగ్ అంటారు. పురుగూ తెగులూ దేశంలోకి రాకూడదని వాళ్ల పట్టుదల. పళ్లు, కూరగాయలు, మాంసం, తేనె, విత్తనాలు వాళ్లకు పడవు. విత్తనాలంటే మనకు పొలంలో చల్లేవే గుర్తొస్తాయి. వాళ్లకు మొలకెత్తగలిగేదేదైనా విత్తనమే. పొట్టు తీయని పెసలు, మెంతులు, ఆవాలు, ధనియాలు, అంటే మీ పోపులపెట్టె మొత్తం. కుక్కలు వాసన చూస్తాయి, సామాను ఎక్స్‌రేలోంచి పోతుంది.

ఇక్కడ జరిమానా వస్తువుకు కాదు, దాచినందుకు. ఫారంలో 'నా దగ్గర మొక్కల, జంతువుల ఉత్పత్తులున్నాయి' అన్న చోట ఔనని టిక్ పెడితే, వాళ్లు చూసి పనికిరానివి తీసేసి పంపించేస్తారు. కాదని టిక్ పెట్టి సీటు కింద ఒక ఆపిల్ దొరికినా జరిమానా వేస్తారు. సందేహం ఉంటే ఔననే పెట్టండి.

నేను ఔననే పెట్టాను. తనిఖీ చేస్తున్న సాగ్ అధికారిణి ఆవకాయ సీసా మూత తీసి, వాసన చూసి, ఒక్క అడుగు వెనక్కి వేసి, 'ఇదేంటి?' అంది. మామిడికాయ, ఆవపిండి, కారం, నూనె అని చెప్పాను. తల అడ్డంగా ఊపి డబ్బాలో పడేసింది. ప్యాకెట్‌లో ఉన్న కందిపొడి వదిలేసింది. అప్పటినుంచి సరిహద్దుకు ముందు రోజు రాత్రి ఉన్నదంతా వండేసుకుని తినడం అలవాటు చేసుకున్నాం.

పెరూ నుంచి చిలీలోకి తాక్నా, అరీకా దారిలో వెళ్లేవాళ్లకు అదనంగా ప్రయాణికుల పట్టిక అనే ఫారం కావాలి. ఒక్కరే ఉన్నా నింపాలి.

కనుమ మూసేశారు

లోస్ లిబెర్తదోరెస్ సొరంగం 3,200 మీటర్ల ఎత్తులో ఉంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మంచు కురిస్తే మూసేస్తారు, కొన్నిసార్లు రోజుల తరబడి. అర్జెంటీనా వైపు ఉస్పయాతా ఊళ్లో లారీలు బారులు తీరి ఉంటే మీరూ అక్కడే గది తీసుకోండి, పైకి వెళ్లి ఇరుక్కోకండి. ఉత్తరాన హామా కనుమ 4,200 మీటర్లు, అక్కడ గాలికీ మంచుకూ మూస్తారు. దక్షిణాన కార్దెనాల్ సమోరే కనుమ ఎత్తు తక్కువ, కానీ చాలా దూరం తిరగాలి.

"నో ఆయ్ సిస్తేమా"

సిస్టమ్ లేదు అని అర్థం. మీసేవ కౌంటర్ దగ్గర 'సర్వర్ డౌన్ సార్' విని పెరిగినవాళ్లకు అనువాదం అక్కర్లేదు. దీనికి మందు లేదు. చేతిరాతతో పర్మిట్ ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, అది కంప్యూటర్‌లో ఎక్కకపోతే బయటికెళ్లేటప్పుడు మళ్లీ మొదటి సమస్య దగ్గరికే వస్తారు. ఉదయం ఆఫీసు తెరిచే వేళకు చేరుకోండి. పాస్‌పోర్ట్, రిజిస్ట్రేషన్, లైసెన్స్ కాపీలు నాలుగేసి దగ్గర పెట్టుకోండి. అయినా ఒక కాపీ తక్కువ పడుతుంది, ఎందుకంటే కొన్నిచోట్ల ఇమిగ్రేషన్ ముద్ర పడిన పేజీ కాపీ కూడా అడుగుతారు, అది ముందే తీసుకోలేం కదా. జెరాక్స్ కొట్టు ఆఫీసుకు ఎదురుగానే ఉంటుంది. చిల్లర ఆ దేశం డబ్బులోనే ఉంచుకోండి.