సైట్ ఎవరి చేతికి వెళ్తుందో చూసి ప్లాట్‌ఫారమ్ ఎంచుకోండి: చిన్న వెబ్ స్టూడియో నడిపేవాళ్లకు

మొదటి మీటింగ్‌లో క్లయింట్ "వర్డ్‌ప్రెస్‌లో చేస్తారా, విక్స్‌లో చేస్తారా?" అని అడిగితే నేను సూటిగా జవాబు చెప్పను. "సైట్ రెడీ అయ్యాక అందులో ఫోటో మార్చాలంటే ఎవరు మారుస్తారండీ?" అని అడుగుతాను. చాలామంది ఆ సంగతి అప్పటిదాకా ఆలోచించి ఉండరు. కొందరు "మీరే కదా మార్చేది" అంటారు. కొందరు "మా రిసెప్షన్‌లో ఒకమ్మాయి ఉంది, తను చూసుకుంటుంది" అంటారు. "అందులో మార్చడానికేముంటుంది?" అనేవాళ్లూ ఉంటారు. ప్లాట్‌ఫారమ్ సంగతి, అంటే సైట్‌ని దేనితో కట్టాలన్నది, దాదాపు ఆ జవాబుతోనే తేలిపోతుంది. ఎందులో ఎన్ని ఫీచర్లున్నాయన్నది ఆ తర్వాతి మాట.

మాది ముగ్గురు మనుషుల స్టూడియో. డిజైన్ చేసేదీ, కొటేషన్ రాసేదీ, సెలవు రోజున సైట్ పడిపోతే లేచి చూసేదీ మేమే. ఇక్కడ రాస్తున్నదంతా ఆ సైజు స్టూడియోకి పనికొచ్చే సంగతులే. యాభై మంది ఉన్న ఏజెన్సీ లెక్కలు వేరు.

ఎవరికి ఏది

"మార్చడానికేముంటుంది" అన్నవాళ్లకు స్టాటిక్ సైట్ చాలు. హ్యూగో, ఎలెవెంటీ, ఆస్ట్రో లాంటి వాటితో పేజీలన్నీ ముందే తయారుచేసి క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లోనో నెట్లిఫైలోనో పెట్టేస్తే సరి. డేటాబేస్ ఉండదు, లాగిన్ పేజీ ఉండదు, ప్లగిన్ల (సైట్‌కి తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్ల) అప్‌డేట్ల గొడవ ఉండదు. కాకపోతే ఆ మాట నమ్మే ముందు వాళ్ల సోషల్ మీడియా పేజీ ఒకసారి చూడండి. అక్కడ వారానికి రెండు పోస్టులు పెట్టే మనిషి సైట్‌ని ఏడాదిపాటు ముట్టుకోనంటే నేను నమ్మను.

రిసెప్షన్‌లో అమ్మాయి చూసుకుంటుందన్న చోట స్క్వేర్‌స్పేస్, విక్స్, వెబ్‌ఫ్లో లాంటివి చూస్తాను. హోస్టింగ్, సెక్యూరిటీ, అప్‌డేట్లు ఆ కంపెనీలే చూసుకుంటాయి. కానీ వీటిలో ఏది అనేది నేను నిర్ణయించను, ఆ అమ్మాయి చేత నిర్ణయింపజేస్తాను. ఒక డెమో సైట్ తెరిచి ఇచ్చి, "పని వేళలు మార్చి, ఒక ఫోటో పెట్టండి" అని చెప్పి పక్కన కూర్చుంటాను. సాయం చేయను. ఎక్కడ ఆగింది, ఎక్కడ కంగారుపడి బ్యాక్ నొక్కింది, సేవ్ చేశాక మార్పు కనబడలేదని ఎక్కడ వెతికింది అన్నవి రాసుకుంటాను. తర్వాత అదే పేజీని ఫోన్‌లో తెరిచి చూస్తాను. బాక్సుల్ని ఎక్కడికైనా లాగి పెట్టుకోనిచ్చే ఎడిటర్లలో కంప్యూటర్ మీద ముచ్చటగా ఉన్న పేజీ ఫోన్‌లోకి వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటుంది. ఆ పదిహేను నిమిషాల్లో తెలిసేంత ఫీచర్ల పట్టిక చదివితే తెలియదు.

"మీరే కదా" అన్నవాళ్లకు మా దగ్గర వర్డ్‌ప్రెస్. 2003లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ మీద ఇప్పుడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడుస్తున్నాయి. దాని అసలు బలం ఏమిటంటే, రేపు మేం లేకపోయినా క్లయింట్‌కి ఇంకో డెవలపర్ దొరుకుతాడు, ఇంకో హోస్టింగ్ దొరుకుతుంది. ఇక్కడే క్లయింట్‌కి ఒక విషయం ముందుగా విడమరిచి చెప్పాలి. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వేరు, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో ఆటోమాటిక్ అనే కంపెనీ నడిపే సర్వీసు వేరు. ఇది చెప్పకపోతే వాళ్లు అక్కడో ప్లాన్ కొనేసి "నేను కొనేశానండీ, ఇక మొదలుపెట్టండి" అని మెసేజ్ పెడతారు.

వర్డ్‌ప్రెస్‌లో బాధంతా ప్లగిన్లతోనే. ప్లగిన్ పెట్టేముందు దాని పేజీలో చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారో, ఏ వర్షన్ దాకా టెస్ట్ చేశారో, సపోర్ట్ విభాగంలో ప్రశ్నలకు జవాబులొస్తున్నాయో లేదో చూడండి. స్టార్ రేటింగ్ ఆఖర్న చూస్తే చాలు. పేజ్ బిల్డర్ల (పేజీని లాగి పెట్టి కట్టుకోనిచ్చే ప్లగిన్ల) విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. కొన్నింటిని ఆపేస్తే పేజీలో మీ వాక్యాల మధ్య బ్రాకెట్లతో షార్ట్‌కోడ్‌లు (ఆ బిల్డర్‌కే అర్థమయ్యే గుర్తులు) మిగిలిపోతాయి. అలాంటి బిల్డర్‌ని ముందే టెస్ట్ సైట్‌లో పెట్టి, ఒక పేజీ కట్టి, డీయాక్టివేట్ చేసి చూడండి. మిగిలిన పేజీని మనిషి చదవగలిగితే వాడొచ్చు. 2018 డిసెంబర్‌లో వచ్చిన 5.0 వర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్‌కి సొంత బ్లాక్ ఎడిటర్ ఉంది. చిన్న సైట్లకు నేను దాన్నే వాడతాను.

సరుకు అమ్మే సైట్ అయితే ప్రశ్న కాస్త మారుతుంది: అర్ధరాత్రి చెకౌట్ (కొన్నవాళ్లు డబ్బు కట్టే పేజీ) పనిచేయకపోతే ఫోన్ ఎవరికి వస్తుంది? మీకే వచ్చేటట్లయితే, మీ దగ్గర రాత్రిపూట చూసే మనిషి లేకపోతే, షాపిఫై వైపు వెళ్లండి. నెలనెలా చందా కట్టాలి. వాళ్ల సొంత పేమెంట్ సర్వీసు కాకుండా వేరే గేట్‌వే వాడితే ఆర్డర్ ఆర్డర్‌కీ అదనపు ఫీజు కూడా పడుతుంది. ఆ లెక్క క్లయింట్ ముందు కాగితం మీద వేసి చూపించండి. వర్డ్‌ప్రెస్‌లో సరుకు అమ్మడానికి వాడే వూకామర్స్ ప్లగిన్ ఉచితమే. కానీ మంచి హోస్టింగ్, బ్యాకప్, అప్‌డేట్‌కి ముందు టెస్టింగ్ ఇవన్నీ ఎవరో ఒకరి గంటలు. ఆ గంటలకు ఎవరు డబ్బిస్తారో తేలకుండా "ఫ్రీ" అనే మాట కొటేషన్‌లో రాయకండి.

ఇన్ని పేర్లు చెప్పానని అన్నీ నేర్చుకోమని కాదు. చిన్న స్టూడియోకి రెండు ప్లాట్‌ఫారమ్‌లు చాలు, మహా అయితే మూడు. అప్పుడే ఏ పనికి ఎన్ని గంటలు పడుతుందో అంచనా సరిగ్గా వస్తుంది, చెక్‌లిస్టులు పదును తేలతాయి. మీ రెండింటిలో ఇమడని పని వస్తే తెలిసినవాళ్లకు పంపించండి. వాళ్లూ మీకు పంపిస్తారు.

బయటికి వచ్చే దారి

ఏ ప్లాట్‌ఫారమ్‌ని స్టూడియోలోకి తెచ్చుకోవాలన్నా ముందు దాన్నుంచి బయటికి వచ్చి చూడాలి. పది పేజీల ఉత్తుత్తి సైట్ కట్టండి. దాన్ని ఎక్స్‌పోర్ట్ చేయండి. చేతికొచ్చిన ఫైల్లో మూడు సంగతులు చూడండి. రాసిన మాటలు వాటి శీర్షికలతో సహా వచ్చాయా? ఫోటోలు అసలు సైజులో వచ్చాయా? పేజీల అడ్రసులు అలాగే ఉన్నాయా?

విక్స్‌లో కట్టిన సైట్‌ని డిజైన్‌తో సహా ఇంకో హోస్టింగ్‌కి పట్టుకెళ్లే వీలు లేదు. స్క్వేర్‌స్పేస్ కొన్ని రకాల పేజీల్నీ బ్లాగ్ పోస్టుల్నీ వర్డ్‌ప్రెస్‌కి సరిపోయే ఫైలుగా ఇస్తుంది, అన్నింటినీ కాదు. వెబ్‌ఫ్లో డబ్బు కట్టే ప్లాన్లలో హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ ఫైళ్లు ఇస్తుంది. అయితే దాని సీఎంఎస్ (మాటర్ మార్చుకునే భాగం), ఫారాలు బయట పనిచేయవు. షాపిఫై నుంచి ప్రోడక్టుల జాబితా సీఎస్వీ (పట్టిక) ఫైలుగా వస్తుంది, థీమ్ (సైట్ డిజైన్) మాత్రం ఇంకెక్కడా పనికిరాదు. వీటివల్ల ఇవి చెడ్డవని కాదు. క్లయింట్‌కి సంతకానికి ముందే తెలియాలి, అంతే. నేను కొటేషన్‌లోనే ఒక పేరా రాస్తాను: "ఈ ప్లాట్‌ఫారమ్ వదిలి వెళ్లాలంటే మీ వెంట ఇవి వస్తాయి, ఇవి రావు."

పెద్ద కంపెనీ కదా, ఎక్కడికి పోతుందిలే అనుకోవడానికి లేదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా కట్టుకున్న సైట్లను గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది. సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ అడోబీ మ్యూజ్‌కి 2020 మార్చితో సపోర్ట్ పోయింది. వర్డ్‌ప్రెస్ లాంటిదే అయిన డ్రూపల్ 7కి 2025 జనవరి 5తో గడువు ముగిసింది, అయితే దాని డేటా మొత్తం సొంతదారు చేతిలోనే ఉంది.

తెలుగు సైట్ చేసేవాళ్లకు ఒక మాట. ఏ థీమ్ చూసినా అందులో "స్త్రీ", "క్ష్మి", "ర్ధ్వం" లాంటివి టైప్ చేసి చూడండి. ఇంగ్లిష్‌కి సరిపోయే లైన్ హైట్ తెలుగుకు చాలదు, కింది వత్తులు తర్వాతి వరస గుడులకు తగులుతాయి. ఇంకోటి, వర్డ్‌ప్రెస్‌లో పేజీ అడ్రసు తెలుగులోనే వదిలేస్తే ఒక్కో అక్షర సంకేతం లోపల తొమ్మిది గుర్తులుగా మారుతుంది. అడ్రసుకి హద్దు 200 గుర్తులు. అంటే గుడులు, పొల్లులతో కలిపి ఇరవై రెండు సంకేతాలు దాటగానే శీర్షిక మధ్యలో తెగిపోతుంది. అడ్రసు వరకు పొట్టిగా ఇంగ్లిష్ అక్షరాల్లో మనమే ఇచ్చుకోవడం మేలు.

డబ్బు, మాటర్, రివిజన్లు

ప్రాజెక్టులు ఆలస్యమయ్యేది కోడ్ వల్ల కాదు, మాటర్ వల్ల. "మా గురించి" పేజీకి నాలుగు పేరాలు ఇవ్వడానికి మనుషులు నెలలు తీసుకుంటారు. అందుకని హోమ్ పేజీ మాటర్ చేతికొచ్చేదాకా నేను డిజైన్ మొదలుపెట్టను. ఖాళీ డబ్బాలకు డిజైన్ చేస్తే, అసలు మాటర్ వచ్చాక అంతా మళ్లీ చేయాలి. రాయడం వాళ్ల వల్ల కాదనిపిస్తే ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడించి, మనమే రాసి ఇవ్వొచ్చు. దానికి వేరే రేటు.

అడ్వాన్స్ సగం తీసుకుంటాను. చివరి వాయిదాని "లాంచ్ అయ్యాక" అని మాత్రం రాయను. లాంచ్ క్లయింట్ చేతిలో ఉంటుంది. వాళ్లు ఫోటోలు పంపకపోతే మన డబ్బు ఆగిపోతుంది. "టెస్ట్ లింక్ ఇచ్చిన 15 రోజులకు" అని రాస్తే టెన్షన్ ఉండదు. రివిజన్లు రెండు రౌండ్లు, మార్పులన్నీ ఒకే డాక్యుమెంట్‌లో, చెప్పేది ఒకే మనిషి. ఇది ఒప్పందంలో లేకపోతే భాగస్వామి ఒకటి, ఆయన తమ్ముడు ఇంకొకటి, రాత్రి పదకొండింటికి వాయిస్ మెసేజ్‌లో మూడోది చెబుతారు.

డొమైన్, లాంచ్ రోజు

డొమైన్ (సైట్ అడ్రసు పేరు) క్లయింట్ పేరున, క్లయింట్ ఈమెయిల్‌తో, క్లయింట్ కార్డుతోనే కొనాలి. మనకు అనుమతి ఇస్తే చాలు. మన అకౌంట్లో పెట్టుకుంటే చూడటానికి సులువుగానే ఉంటుంది. కానీ వాళ్లతో మాట తేడా వచ్చిన రోజున అది గొడవకు మూలం. డాట్ కామ్ డొమైన్ గడువు దాటి రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) తీసేశాక కూడా 30 రోజుల రిడెంప్షన్ (తిరిగి తెచ్చుకునే) వ్యవధి ఉంటుంది. అప్పుడు తిరిగి తెచ్చుకోవాలంటే రెన్యూవల్ కంటే బాగా ఎక్కువ కట్టాలి.

లాంచ్ రోజు ఎక్కువగా దెబ్బతినేది సైట్ కాదు, ఈమెయిల్. కొత్త హోస్టింగ్ వాళ్లు "మా నేమ్‌సర్వర్లు పెట్టేయండి" అని చెబుతారు. పెట్టేస్తే డీఎన్‌ఎస్ (డొమైన్ పేరుకి సైట్, మెయిల్ ఎక్కడున్నాయో చెప్పే రికార్డుల పట్టిక) మొత్తం అటు మారిపోతుంది. మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు పాత చోట ఉన్నవి కొత్త చోట ఉండవు. సైట్ అందంగా తెరుచుకుంటుంది, ఆఫీసుకి మాత్రం ఒక్క మెయిల్ రాదు. వస్తున్నట్టో రానట్టో కూడా సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు. నేను నేమ్‌సర్వర్ల జోలికి వెళ్లను. ముందురోజు ఉన్న రికార్డులన్నీ ఒక ఫైల్లోకి ఎక్కించుకుంటాను. టీటీఎల్‌ని (పాత రికార్డు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువుని) 300 సెకన్లకు తగ్గిస్తాను. మర్నాడు పొద్దున సైట్‌కి దారి చూపే 'A' రికార్డు, దాని పక్కన డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ రికార్డు ఈ రెండే మారుస్తాను. ఏదైనా తేడా వస్తే ఐదు నిమిషాల్లో వెనక్కి తిప్పొచ్చు. శుక్రవారం సాయంత్రం మాత్రం లాంచ్ చేయకండి, క్లయింట్ ఎంత బతిమాలినా సరే.

పాత సైట్ ఉంటే దాని పేజీల అడ్రసులన్నీ ముందే జాబితా తీసి, ఒక్కోదాన్నీ కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ చేయండి, అంటే పాత అడ్రసు తెరిచినవాళ్లు శాశ్వతంగా కొత్త పేజీకే వెళ్లేలా. అన్నింటినీ హోమ్ పేజీకి తోలేస్తే చేసినట్టు కాదు. కాంటాక్ట్ ఫారం పంపే మెయిల్, సైట్ ఉన్న సర్వర్ నుంచి నేరుగా వెళ్తే చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది. ఎస్‌ఎంటీపీ (మెయిల్ అకౌంట్‌తో లాగిన్ అయి పంపే పద్ధతి) ద్వారా పంపించి, మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని చెప్పే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు సరిచూసి, క్లయింట్ ముందే ఒక టెస్ట్ మెసేజ్ కొట్టండి. వేగం విషయంలో గూగుల్ చెప్పే మూడు హద్దులు: పేజీలో ప్రధానమైనది 2.5 సెకన్లలో కనబడాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలో స్పందించాలి, పేజీలోవి ఉన్నట్టుండి అటూఇటూ జరగడాన్ని కొలిచే కదలిక స్కోరు 0.1 దాటకూడదు. ఫోన్‌తో తీసిన నాలుగు వేల పిక్సెల్ ఫోటోల్ని తగ్గించి పెడితేనే మొదటిదానిలో సగం పని అయిపోతుంది. లేత బూడిద రంగు అక్షరాలు వద్దు. మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరం రంగుకీ వెనక రంగుకీ తేడా) కనీసం 4.5కి 1 ఉండాలి.

తర్వాత

మెయింటెనెన్స్ నెలవారీగా తీసుకోండి. అందులో ఏముంటాయో రాయండి: అప్‌డేట్లు, బ్యాకప్, చిన్న మార్పులకు ఇన్ని గంటలు. కొత్త పేజీలు వేరే. బ్యాకప్ సైట్ ఉన్న సర్వర్‌లోనే ఉంటే అది బ్యాకప్ కాదు. ఇంకో చోట ఉంచి, మూడు నెలలకోసారి టెస్ట్ సర్వర్‌లోకి తిరిగి ఎక్కించి చూడాలి. జిప్ ఫైల్ ఉందని సంతోషించి లాభం లేదు, అది తెరుచుకుని సైట్ లేచి నిలబడాలి.

కొందరు మెయింటెనెన్స్ వద్దంటారు. వాళ్ల ఇష్టం. అప్పుడు ఒక పేజీ నోట్ రాసి ఇవ్వండి: డొమైన్ ఎక్కడుంది, హోస్టింగ్ ఎక్కడుంది, రెన్యూవల్ తేదీలు, ఏ ప్లగిన్‌కి లైసెన్స్ ఉంది, బ్యాకప్ ఎలా తీసుకోవాలి. పాస్‌వర్డులు మెయిల్లో కాదు, పాస్‌వర్డ్ మేనేజర్ ద్వారా పంపించండి. ఫలానా తేదీ నుంచి అప్‌డేట్ల బాధ్యత మీదేనని విడిగా ఒక మెయిల్ పెట్టి, దానికి "అందింది" అని జవాబు తెప్పించుకుని, అప్పుడు మీ అడ్మిన్ లాగిన్ తీసేయండి.